దుబాసమ్మ మింగిన మాట

ఆసుపత్రి బట్టలుతికే ఆ పెద్ద షెడ్డులో ఆమెను కన్నవాళ్ళు పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. అందరికీ ఆమె దుబాసమ్మే. ఐదో తరగతితో బడి మానేసిన మనిషికి అంత బిరుదు ఎలా వచ్చిందంటే, చెవులు ఊరుకోక వచ్చింది. పక్కన ఎవరు ఏం గొణుక్కున్నా అదేమిటో తేలేదాకా ఆమెకు ముద్ద దిగదు. షెడ్డులో పెత్తనం చేసేవాళ్ళది అరబ్బీ. ఇస్త్రీ యంత్రాల దగ్గర నిలబడే ఆడవాళ్ళలో సగంమంది తూర్పు దీవులనుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళది తగలోగ్. మిగతా సగం తెలుగువాళ్ళు. వీళ్ళ మాట వాళ్ళకు తెలియదు, వాళ్ళ మాట వీళ్ళకు పట్టదు. పదకొండేళ్ళు ఆవిరిలో నిలబడి, రెండు వైపులా చెవులు రిక్కించి, ఆమె ఆ రెండు భాషలూ నోటికి పట్టించుకుంది. రాయమంటే ఒక్క అక్షరం రాదు. మాట్లాడమంటే మాత్రం ఈ కొసనుంచి ఆ కొసకు మాటను తొణక్కుండా మోసుకుపోతుంది.

ఆమె పనిచేసేది రోలర్ దగ్గర. మనిషి పొడుగు ఇనప రోలర్, లోపలంతా ఆవిరి. ఉతికి పిండిన దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని అందిస్తే, అది లోపలికి లాక్కుని అవతలివైపు కాగితంలా బయటికి తోస్తుంది. రెండో కొస పట్టుకునేది కోడలు.

కోడలంటే నిజం కోడలు కాదు. ఆ తగలోగ్ పిల్ల పనిలో చేరిన మొదటిరోజే దుబాసమ్మను పట్టుకుని "ఆతే, ఆతే" అని పిలిచింది. దుబాసమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"నేను నీకు అత్తనా? నీకూ నాకూ గట్టిగా ఆరేళ్ళు తేడా లేదు! అత్తట, అత్త!" అని తెలుగులోనే కసిరేసింది.

వాళ్ళలో ఆతే అంటే అక్క అని తెలియడానికి వారం పట్టింది. ఈలోగా షెడ్డంతా వాళ్ళిద్దరికీ అత్తాకోడళ్ళని పేరు పెట్టేసింది. ఇక చేసేది లేక ఆమె కూడా "ఏమే కోడలా" అనడం మొదలుపెట్టింది. ఆ పిల్లకు ఆ మాట అర్థం తెలిశాక పకపకా నవ్వింది. నవ్వి, ఆ మధ్యాహ్నమంతా పొంగిపోయి లేని కొంగు సర్దుకుంటూ తిరిగింది.

మొదటిరోజే ఇంకో భాగోతం కూడా జరిగింది. దుప్పటి మరీ జోరుగా పోతోందని కోడలు "దహన్, దహన్!" అని అరిచింది. దహనం అని వినబడేసరికి ఏదో అంటుకుందనుకుని దుబాసమ్మ దుప్పటి వదిలేసి ఒక్క గెంతు గెంతి గోడకు కరుచుకుంది. తీరా చూస్తే వాళ్ళ భాషలో దహన్ దహన్ అంటే మెల్లమెల్లగా అని.

"మెల్లగా అనడానికి తగలబెట్టడం ఎందుకే తల్లీ?" అంది గుండె చేత్తో పట్టుకుని. తరవాత ఆలోచిస్తే తమాషాగానే తోచింది. అరబ్బీవాళ్ళు శ్వయ్ శ్వయ్ అని రెండుసార్లంటారు. మనమూ మెల్లమెల్లగా అంటాం. మెల్లగా అనే మాటను ఒక్కసారి చెబితే ఏ దేశంలోనూ ఎవడూ వినడు కాబోలు అని తేల్చుకుంది.

భోజనాల బల్ల దగ్గర ఆమెకు ఇదే కాలక్షేపం. రెండు భాషల్నీ పక్కపక్కన పెట్టి, చీరలు కొనే మనిషి అంచులు తిరగేసి చూసినట్టు తిరగేసి చూస్తుంది. అరబ్బీ నోటికి 'ప' పలకదు. పైపును బైబంటారు, పాస్‌పోర్టును బాస్‌బోర్టంటారు. తగలోగ్ ఆడవాళ్ళలో చాలామందికి 'ఫ' పలకదు. ఫోర్‌మన్‌ను పోర్మనంటారు.

"వాళ్ళ దగ్గర లేని 'ప' అంతా వీళ్ళే మూటగట్టుకుపోయారు పిన్నీ" అందొకసారి.

పిన్ని మురికి బట్టలు వేరుచేసే బల్ల దగ్గర పనిచేస్తుంది. షెడ్డులో అందరికంటే పెద్దది. ఆమె నోరు మంచిదని ఎవరూ అనరు.

"మనకి రెండూ పలుకుతాయి. పలికి ఏం ఊడబొడిచాం?" అంది పిన్ని, డబ్బా మూత బిగిస్తూ.

అరబ్బీలో నువ్వు అనాలంటే ఎదుటివాడు మగాడైతే ఇంతా, ఆడదైతే ఇంతీ. ఇంతి అంటే ఆడదేగా అని దుబాసమ్మకు ఆ ముక్క ఒక్క పూటలో వచ్చేసింది. తగలోగ్‌లో ఆ తేడా లేదు. నువ్వు అంటే ఎవరైనా నువ్వే. అతను, ఆమె అనే తేడా కూడా లేదు, ఇద్దరికీ కలిపి సియా. అందుకే ఎంత నేర్పినా కోడలు ఫోర్‌మన్‌ను పట్టుకుని ఇంతీ, ఇంతీ అనేది. బుర్రమీసాల మనిషికి అది ఎలా ఉంటుంది?

"దీని కళ్ళకి నేను ఆడదానిలా కనబడుతున్నానా?" అని ఒకరోజు రంకెలేశాడు.

"కోప్పడకండి సార్. దాని భాషలో ఆడా మగా లేదు. అందరూ మనుషులే" అని దుబాసమ్మ అరబ్బీలో సర్దిచెప్పింది. ఆ మాటకు ఆయన ఇంకా ఎర్రబడ్డాడు.

తగలోగ్ మర్యాద మరీ చిత్రం. మనం అండీ అన్నచోట వాళ్ళు 'పో' అంటారు. మనం మనిషిని తరిమెయ్యడానికి వాడే మాటతో వాళ్ళు దండం పెడతారు. కోడలు ఫోర్‌మన్‌తో మాట్లాడినప్పుడల్లా పో, పో అంటుంటే తెలుగు ఆడవాళ్ళు మూతులకు గుడ్డలు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. దుబాసమ్మతో మాత్రం కోడలు ఎన్నడూ పో అనలేదు. అక్కకు అండీ ఏమిటి?

ఇలా ఎన్ని చూసినా, ఒక్కచోట దుబాసమ్మకు ప్రాణం లేచొచ్చింది. కోడలు డబ్బా తెరిచి రోజూ "కాయిన్ తాయో" అని పిలిచేది. తిందాం రా అని. తాయో అంటే మనం. కమి అంటే మేము. ఎదుటివాళ్ళను కలుపుకుంటే తాయో, అవతల పెడితే కమి. అచ్చం మనలాగే! అరబ్బీలో రెంటికీ ఒకటే మాట, ఇహ్నా. ఇహ్నా వెళ్తున్నాం అని వాడంటే, నిన్ను రమ్మంటున్నాడో ఉండమంటున్నాడో వాడి కాళ్ళు చూసి తెలుసుకోవాలి.

"అంత పెద్ద భాషకి ఇంత ముక్క లేదు చూడు" అని చెబితే కోడలు చప్పట్లు కొట్టింది. "అయితే నువ్వూ నేనూ చుట్టాలం ఆతే" అంది. ఆ రోజే దుబాసమ్మ ఆ పిల్ల కుడిచెయ్యి పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే మడుస్తూ అరబ్బీ నేర్పింది. ఇది ఆనా, నేను. ఇది ఇంతా, నువ్వు. ఇది ఇహ్నా, మనమో మేమో నీ ఇష్టం. ఇది హుమ్మా, వాళ్ళు.

ఆ వేళ్ళే కాలిపోయాయి.

రోలర్ ముందు అడ్డంగా ఒక కమ్మి ఉంటుంది. చెయ్యి లోపలికి పోబోతే ఆ కమ్మికి తగులుతుంది, తగలగానే యంత్రం ఠక్కున ఆగుతుంది. చేతులకు అదే కాపలా. కానీ తడిదుప్పటి మడత లావుగా వచ్చి తగిలినా ఆగిపోతుంది. ఆసుపత్రినుంచి మూటలు రెట్టింపయ్యాక ఫోర్‌మన్‌కు ఆ ఆగడాలు గిట్టలేదు. ఒక పొద్దున ఒక దుప్పటి అంచునుంచి జానెడు వెడల్పు పేలిక చర్రున చించి, కమ్మిని పైకెత్తి తన చేత్తోనే కట్టేశాడు.

"రోజూ పొద్దున ఇలాగే కట్టెయ్యండి. తనిఖీకి ఎవరన్నా వస్తే విప్పెయ్యండి" అన్నాడు.

దుబాసమ్మ ఆ మాటను తగలోగ్‌లోకి మోసింది. ఆ రోజునుంచి కోడలు ఒకరోజు, దుబాసమ్మ ఒకరోజు ఆ పేలిక కట్టేవాళ్ళు. నాలుగు నెలలు గడిచాయి. భయం కూడా అలవాటైపోయింది.

ఆ రోజు పదిగంటల టీ ఇంకా రాలేదు. దుప్పటి అంచు ఊడి పోగులు వేలాడుతున్నాయి. ఆ పోగులు కోడలి వేళ్ళకు మెలికపడ్డాయి. రోలర్ దుప్పటిని లాక్కుంది, దుప్పటితోపాటు చేతినీ లాక్కుంది. కోడలు పెట్టిన కేక ఏ భాషలోదో చెప్పడం దుబాసమ్మవల్ల కూడా కాలేదు. ఎర్ర బొత్తాం నొక్కింది ఆమే. చెయ్యి బయటికి తీసేసరికి చూపుడువేలినుంచి మూడు వేళ్ళు వేళ్ళలా లేవు.

మర్నాడు ఆడవాళ్ళ గదికి ఫోర్‌మన్ వచ్చాడు. గడప దగ్గరే నిలబడి "సలామాత్" అన్నాడు, తొందరగా, రెండోసారి "సలామాత్" అని వెళ్ళిపోయాడు. అరబ్బీలో అది జబ్బుపడ్డవాళ్ళను చూడ్డానికొచ్చి అనే మాట, కోలుకోవాలి అని. కోడలి భాషలో సలామత్ అంటే మేలు మరిచిపోను అని.

కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కోడలు అడిగింది. "నేనేం మేలు చేశాను ఆతే ఆయనకి?"

దుబాసమ్మ విడమరిచి చెప్పబోయింది. అంతలోనే మానుకుని ఆ చేతి కింద దిండు సర్దింది.

పదోరోజు పెద్దాఫీసునుంచి విచారణకు మనిషి వస్తాడని కబురొచ్చింది. సంగతి చిన్నదే. కమ్మి కట్టించింది షెడ్డు పెత్తనమని తేలితే కోడలి చెయ్యి నయమయ్యేదాకా వైద్యం వాళ్ళదే, తరవాత కూర్చుని చేసే పని కూడా ఇస్తారు. పనివాళ్ళు సొంతంగా చేసిన వెధవపని అని తేలితే వారంలో సామాను సర్దుకోవాలి, ఆ చేత్తోనే. కోడలికి ఇది తెలుసు. దుబాసమ్మకూ తెలుసు. విచారణకొచ్చే ఆయనకు అరబ్బీ తప్ప మరో ముక్క రాదని ఫోర్‌మన్‌కు తెలుసు.

విచారణ రోజు పొద్దున ఫోర్‌మన్ దుబాసమ్మను మెట్లదగ్గర ఆపాడు. ఆమె ఒక్కో మెట్టూ కటకటలాడే మోకాళ్ళతో దిగుతోంది. ఏడాదినుంచి ఆ మోకాళ్ళు ఆమె మాట వినడంలేదు. చిరుగులు కుట్టే గదిలోకి మార్చమని నాలుగుసార్లు అడిగింది. ఆ గదిలో ఒక కిటికీ, ఒక కుట్టుమిషను, ఒక కుర్చీ ఉంటాయి. ఇన్నేళ్ళలో ఆమెకు కావాలనిపించింది ఆ కుర్చీ ఒక్కటే.

"కుట్టుగదిలో ఉండే ఆవిడ వెళ్ళిపోతోంది" అన్నాడు ఫోర్‌మన్ మీసం దువ్వుకుంటూ. "కుర్చీ ఖాళీ. నువ్వు తెలివైనదానివి."

అంతే అన్నాడు. ఇంకేమన్నా అని ఉంటే ఎదురు చెప్పేదేమో. చెప్పడానికి ఏమీ మిగల్చలేదు.

ఆఫీసు గదిలో బల్ల వెనక కళ్ళద్దాల ఆయన కూర్చున్నాడు, కాగితం ముందు పెట్టుకుని. ఫోర్‌మన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కోడలు చెయ్యి మెడకు వేలాడదీసుకుని ఇటు, దుబాసమ్మ ఆమె పక్కన. పేరు, ఎన్నేళ్ళనుంచి పని, ఏ పూట జరిగింది, అన్నీ అయ్యాయి. మాటలు అటూ ఇటూ చక్కగా నడిచాయి.

"ఆ కమ్మిని కట్టింది ఎవరు?" అని అడిగాడు కళ్ళద్దాల ఆయన.

దుబాసమ్మ అడిగింది. కోడలు ఆయనవైపు చూడలేదు. నేరుగా ఫోర్‌మన్ కళ్ళలోకి చూసింది.

"తాయో" అంది. "తాయోంగ్ లహత్."

మనం. మనమందరం. నువ్వూ ఉన్నావు అందులో అని ఆ పిల్ల ఒక్క మాటలో గోడకానుకున్న మనిషిని పట్టుకొచ్చి బల్లముందు నిలబెట్టింది. ఫోర్‌మన్‌కు తగలోగ్ రాదు. కళ్ళద్దాల ఆయన కళ్ళు కాగితం మీదున్నాయి. ఆ మాట ఎంత బరువుందో ఆ గదిలో తెలిసింది దుబాసమ్మకొక్కదానికే. తెలుగు మనిషి గనక తెలిసింది. 'మనం' అనే మాట పుట్టినప్పటినుంచీ ఆమె నోట్లోనే ఉంది గనక తెలిసింది.

"ఇహ్నా" అంది ఆమె.

కలం కాగితం మీద కదిలింది. ఆమె తనకు తానే చెప్పుకుంది. అబద్ధం ఆడలేదు కదా. అరబ్బీలో ఉన్నది అదొక్కటే కదా. ఇంకొక్క మాట, గోడవైపు చెయ్యి చూపించి 'ఇంతా' అని ఒక్క మాట కలిపితే సరిపోతుంది. కలుపుదామనే అనుకుంది. నాలిక పైకి కూడా లేచింది.

అప్పుడు కలం ఆగింది. కళ్ళద్దాలు పైకి లేచాయి.

"ఇహ్నా అంటే? నువ్వు కూడానా?"

తాను మోస్తున్న మాటలో తాను కూడా ఉందని దుబాసమ్మకు ఆ క్షణందాకా తోచలేదు. ఇంతకాలం ఎవరి మాటో ఎవరికో చేరవేసింది. నీ సంగతేమిటని ఎవరూ అడగలేదు. ఫోర్‌మన్ చిన్నగా దగ్గాడు. కిటికీ పక్క కుర్చీ ఆమె కళ్ళముందు కదిలింది.

"లా" అంది. కాదు. "హుమ్మా."

వాళ్ళు.

కోడలి తల గిర్రున తిరిగింది. ఆ మాట ఆమెకు అర్థం చెప్పక్కర్లేదు. ఉంగరం వేలు మడిచి నేర్పిన మాట. దుబాసమ్మ బల్ల మీది కాగితాన్నే చూస్తూ నిలబడింది, చదవడం వచ్చినదానిలా.

కుడిచేతికి కట్టు ఉంది గనక ఎడమచేతి బొటనవేలికి సిరా పూసి ముద్ర వేయించుకున్నారు. తేల్చడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. పనివాళ్ళు కావాలని కమ్మి కట్టుకున్నారు, చెయ్యి కాలడం వాళ్ళ స్వయంకృతం. ఆదివారంలోగా గది ఖాళీ చెయ్యాలి. వాళ్ళు అన్నారే గానీ ఆ వాళ్ళలో దొరికింది కోడలొక్కతే.

షెడ్డులో తెలుగు ఆడవాళ్ళు గుంపుగా వచ్చి, అసలు లోపల ఏం చెప్పావని అడిగారు. దుబాసమ్మ దగ్గర సమాధానం తయారుగా ఉంది.

"అరబ్బీలో మనం, మేము రెండూ ఒకటేనమ్మా. అదేమో తాయో అంది. అరబ్బీలో ఆ ముక్క లేదు. లేని మాట నేనెక్కణ్ణుంచి తెచ్చేది? నన్నేం చెయ్యమంటారు?"

నిజమే పాపం అన్నారు. భాష తప్పుకి ఈవిడేం చేస్తుంది అన్నారు. ఎవరికి తోచిన జాలి వాళ్ళు ఆమె మీదే చూపించారు. పిన్ని మాత్రం చేతిలో మూట కింద పడేసి దగ్గరికొచ్చింది.

"మనం లేకపోతే పోయింది. అరబ్బీలో నువ్వు అనే మాట ఉందిగా?"

"ఉంది."

"ఏమిటది?"

"ఇంతా."

"ఆఁ. ఇంతా. నాకే గుర్తుంది, నాలుగొందలసార్లు చెప్పావు. ఆ ఒక్క ముక్క అనలేకపోయావా? పోనీ నోరు రాలేదు. వేలు పెట్టి చూపించడానికి ఏ భాష కావాలే నీకు? నీ వేళ్ళు బాగానే ఉన్నాయిగా?"

దుబాసమ్మ రోలర్ దగ్గరికి వెళ్ళిపోయింది. మర్నాటినుంచి ఆమెది కుట్టుగది.

కుర్చీ మెత్తగానే ఉంది. కిటికీలోంచి వెలుతురు సరిగ్గా సూదిమీద పడుతుంది. మూడోరోజు మధ్యాహ్నం చిరుగుల మూటలోంచి ఒక దుప్పటి చేతికొచ్చింది. ఒక పక్క అంచు జానెడు వెడల్పున పొడుగునా లేదు. చిరిగింది కాదు, చించింది. ఏ పేలిక ఎక్కడికి పోయిందో ఆమెకు చూడగానే తెలిసింది. ఆ పేలిక ముడి విప్పి విప్పి ఆమె గోళ్ళు అరిగాయి. దుప్పటి పట్టుకుని లేచి ఆఫీసు గదికి పోయి బల్లమీద పరిస్తే చాలు, దానికి ఏ భాషా అక్కర్లేదు. దుప్పటిని ఒళ్ళోకి లాక్కుంది. తరవాత ఆ అంచును లోపలికి మడిచి, మిషను కింద పెట్టి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా వంకర లేకుండా కుట్టేసింది. మడత పెట్టి, బాగైనవాటిలో పెట్టింది.

ఆదివారం పొద్దున కోడలు కుట్టుగది గుమ్మం ముందునుంచే పోవాల్సి వచ్చింది, వేరే దారి లేదు. వాళ్ళ ఆడవాళ్ళిద్దరు సంచులు మోస్తున్నారు. కట్టు కొత్తది కట్టారు, అప్పుడే అంచులు పసుపుపచ్చగా తడిశాయి. అదే సమయానికి పిన్ని చిరిగినవాటి మూట దించడానికి వచ్చి గదిలో నిలబడి ఉంది.

దుబాసమ్మ కుర్చీలోంచి లేచింది. "కోడలా" అంది. తరవాత ఏమనాలో మూడు భాషల్లోనూ తట్టలేదు.

కోడలు ఆగింది. ముఖంలో కోపంలేదు. కోపం ఉంటే బాగుండేది. ఫోర్‌మన్ ముందు నిలబడినట్టు కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టి, తల కాస్త వంచి అంది.

"ఆలిస్ నా పో కమి."

ఆతే అనలేదు. బదులుకోసం ఆగలేదు. ముగ్గురూ వసారా చివరిదాకా వెళ్ళి మలుపు తిరిగారు.

"ఏమందే?" అంది పిన్ని.

మేం వెళ్తున్నామండీ, అంది కోడలు. దుబాసమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లమెల్లగా కూర్చుంది. సూది తీసుకుంది. దారం రెండుసార్లు తప్పింది.

"వెళ్తోందట."

"అంతేనా? ఇంకేం అనలేదా?"

"అంతే పిన్నీ" అంది దుబాసమ్మ.